ఆరు రోజుల్లో ఐదు పార్కులా?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. మా అత్తగారు, మామగారు ప్రొద్దుటూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఇల్లు, గుడి, ఇండియన్ స్టోర్ తప్ప వాళ్లకు ఏమీ చూపించలేదు. క్రిస్మస్ సెలవుల్లో, డిసెంబర్ 24 నుంచి 29 వరకు, యూటా ఎర్రకొండల వైపు తీసుకెళ్దామని మావారు పట్టుబట్టారు. ఆయన ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన ప్లాన్ ఇది: లాస్ వేగాస్‌లో దిగి జాయన్, బ్రైస్ క్యానియన్, పేజ్ దగ్గర యాంటిలోప్ క్యానియన్, మాన్యుమెంట్ వ్యాలీ, మోయాబ్ దగ్గర ఆర్చెస్ చూసి మళ్లీ వేగాస్. మావారికి ఏంజెల్స్ ల్యాండింగ్ ఎక్కాలని ఎప్పటి నుంచో ఉంది. మామగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అత్తగారికి బీపీ, చీర తప్ప వేరేది కట్టరు. బాబుకి తొమ్మిదేళ్లు. ఎడారిలో చలేముంటుంది అని మావారు, మంచు పడుతుందట అని నేను. మామగారేమో "గండికోట చూసినోళ్లకి ఇదంతా ఎందుకమ్మా, దుడ్లు దండగ" అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఇంట్లో నడుస్తున్న వాదనల్లో మొదటిదాంట్లో మీరే గెలిచారు. అది ఎడారే, కానీ ఎత్తు మీద ఉన్న ఎడారి. బ్రైస్ క్యానియన్ అంచు 8,000 అడుగుల పైన ఉంటుంది. అంటే ఊటీ కంటే ఎత్తు. డిసెంబర్ చివర్లో అక్కడ రాత్రిళ్లు నీళ్ల సీసా కారులో మర్చిపోతే తెల్లారేసరికి రాయి అవుతుంది. జాయన్ లోయ 4,000 అడుగుల దగ్గర ఉంది కాబట్టి పగటిపూట 50 ఫారెన్‌హీట్ దాకా, మన లెక్కలో పది డిగ్రీల దాకా వస్తుంది. నెవాడా వైపు ఉన్న వ్యాలీ ఆఫ్ ఫైర్ ఇంకా కిందికి, 2,000 అడుగుల దగ్గరికి దిగుతుంది. అక్కడ మధ్యాహ్నం నడుస్తుంటే స్వెటర్ విప్పి నడుముకు కట్టుకోవాలనిపిస్తుంది. ఒకే ట్రిప్పు, ఒకే సూట్‌కేసు, మూడు రకాల చలి. ఏ రోజు ఎక్కడికి అన్నది మ్యాప్ చూసి కాదు, ఈ ఎత్తులు చూసి తేల్చుకోవాలి.

ఇక ఆ వాట్సాప్ ప్లాన్. వేగాస్ నుంచి జాయన్ 160 మైళ్లు, అక్కడి నుంచి బ్రైస్ 85, ఆ తర్వాత పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ, మోయాబ్, చివర్లో మోయాబ్ నుంచి వేగాస్‌కు ఏకంగా 450 మైళ్లకు పైనే. మొత్తం కలిపితే వెయ్యి దాటిపోతుంది. ఇది మే నెలలో నలుగురు కుర్రాళ్లు వంతులేసుకుని బండి నడుపుతూ చేసే ట్రిప్పు. మే నెలలో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబర్ చివరి వారంలో జాయన్ దగ్గర సూర్యోదయం ఏడూ ముప్పావుకు, సూర్యాస్తమయం ఐదూ ఇరవైకి. పైగా లోయ గోడలు రెండు వేల అడుగులు నిలువుగా లేచి ఉంటాయి కాబట్టి అడుగున ఎండ తగిలేది ఇంకా తక్కువ సేపు. హైక్ చేయడానికి మీ చేతిలో ఉండేది పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఆ ఆరు గంటల్ని కారులో పోగొట్టుకుంటే మామగారికి ఎర్రకొండలు గుర్తుండవు, బాత్రూమ్ కోసం ఆగిన గ్యాస్ స్టేషన్లు గుర్తుంటాయి.

కాబట్టి పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ, మోయాబ్ మూడూ తీసేయండి. మీవారితో నా మాటగా చెప్పండి. అవి ఎక్కడికీ పోవు. మార్చిలోనో అక్టోబర్‌లోనో మీరు ముగ్గురే వెళ్లి రావచ్చు. యాంటిలోప్ క్యానియన్‌కి ఎలాగూ అక్కడి నవాజో తెగ గైడ్‌తో ముందే బుక్ చేసుకుని వెళ్లాలి, సొంతంగా దిగనివ్వరు. ఈసారికి జాయన్ మూడు రోజులు, బ్రైస్ ఒక రోజు, వ్యాలీ ఆఫ్ ఫైర్ ఒక పూట. బస ఒక్కచోటే. రోజూ సామాన్లు సర్దడం, విప్పడం పెద్దవాళ్లకు నడక కంటే ఎక్కువ అలసట.

ఆ ఒక్కచోటు ఏది అంటే, బడ్జెట్ ఉంటే స్ప్రింగ్‌డేల్. జాయన్ గేటుకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఖర్చు తగ్గాలంటే అరగంట వెనక్కి హరికేన్ అనే ఊళ్లో చూడండి. స్పెల్లింగ్ చూసి మనం అలా అంటాం కానీ అక్కడి వాళ్లు "హరికిన్" అంటారు. ఎక్కడ తీసుకున్నా చిన్న వంటగది ఉన్న గదే తీసుకోండి. దీని గురించి తర్వాత.

మీరు 24న వేగాస్‌లో దిగుతారు కదా. ఇక్కడ చాలామంది బోల్తా పడేది టైమ్ దగ్గర. నెవాడా నుంచి యూటాలోకి వెళ్తే గడియారం గంట ముందుకు జరుగుతుంది. మీ ఫ్లైట్ పదకొండింటికి దిగితే, కారు చేతికొచ్చేసరికి పన్నెండున్నర, రెండున్నర మూడు గంటల డ్రైవ్, మధ్యలో టీ, దాని మీద పోయిన గంట. స్ప్రింగ్‌డేల్ చేరేసరికి చీకటే. అందుకని ఆ రోజు దారిలో ఏమీ పెట్టుకోకండి. వ్యాలీ ఆఫ్ ఫైర్ దారిలోనే ఉందని చాలామంది మొదటి రోజే దూరిపోతారు. దాన్ని 29కి ఉంచండి. తిరుగు ప్రయాణంలో పోయిన గంట మళ్లీ వస్తుంది, ఆ గంట అక్కడ ఖర్చు పెట్టుకోవచ్చు. 24 సాయంత్రం కొట్లు తొందరగా మూసేస్తారు, 25న స్ప్రింగ్‌డేల్‌లో చాలా భోజన హోటళ్లు తెరవరు. పాలు, పెరుగు, కూరగాయలు వేగాస్‌లోనే కొనేసి బయలుదేరండి.

25న పార్కు తెరిచే ఉంటుంది, విజిటర్ సెంటర్ మాత్రం మూసి ఉంటుంది. చలికాలంలో జాయన్ షటిల్ బస్సులు నడవవు, మన కారే లోయ చివరి దాకా తీసుకెళ్లొచ్చు అని ఎక్కడైనా చదివి ఉంటారు. నిజమే, కానీ క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులు దానికి మినహాయింపు. ఆ రోజుల్లో షటిల్ మళ్లీ నడుపుతారు, లోయలోకి సొంత కార్లను రానివ్వరు. కొందరికి ఇది చిరాకు. నాకైతే పెద్దవాళ్లతో వెళ్తున్నప్పుడు ఇదే మేలనిపిస్తుంది. ఎక్కడ కాళ్లు లాగితే అక్కడ బస్సెక్కి కూర్చోవచ్చు. బస్సు ఉచితం. పార్కింగ్ మాత్రం పొద్దున్నే నిండిపోతుంది. స్ప్రింగ్‌డేల్‌లో ఉంటే ఊళ్లో తిరిగే షటిల్ ఎక్కి గేటు దాకా వెళ్లిపోవడమే సుఖం.

మొదటి నడకకు పారూస్ ట్రయిల్ తీసుకోండి. విజిటర్ సెంటర్ దగ్గర మొదలై వర్జిన్ నది వెంట పోతుంది. దారంతా సిమెంటు రోడ్డులా చదునుగా, వీల్‌చెయిర్ వెళ్లేలా ఉంటుంది. ఒకవైపుకు మైలున్నర పైచిలుకు. లోయ వెడల్పుగా ఉన్నచోట కాబట్టి ఎండ బాగా పడుతుంది. చివర్లో క్యానియన్ జంక్షన్ దగ్గర షటిల్ ఆగుతుంది. మామగారు ఒకవైపు నడిచి, బస్సులో వెనక్కి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇంతకంటే మంచి దారి ఆ పార్కులో లేదు.

రెండో రోజు షటిల్ చివరి స్టాపు దాకా వెళ్లి రివర్‌సైడ్ వాక్. రానూపోనూ రెండు మైళ్ల చిల్లర, ఇదీ చదును దారే. తేడా ఏంటంటే అక్కడ లోయ ఇరుకు. ఎండ అడుగుదాకా దిగదు, దారిలో అక్కడక్కడ ఐస్ ఉండొచ్చు. అత్తగారు, మామగారు ఎంతవరకు పొడిగా ఉంటే అంతవరకే నడిచి బెంచీ మీద కూర్చున్నా నష్టం లేదు. ఆ దారి ఆగిపోయిన చోట నుంచి నదిలో నడుచుకుంటూ పోవడమే ప్రసిద్ధి చెందిన నారోస్ హైక్. చలికాలంలో ఆ నీళ్లు 40 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి. ఒళ్లంతా కప్పే రబ్బరు డ్రై సూట్లు అద్దెకు తెచ్చుకుని, చేతిలో కర్రతో జనం అందులోకి దిగుతుంటారు. మీరు దిగొద్దు. బాబు మాత్రం ఆ వేషాలు చూసి అరగంట కదలడు.

ఎర్రకొండల్లో చలికాలం నడకకు నేను పాటించే లెక్క ఒక్కటే. దారి ఎంత దూరం అని కాదు, దారి మీద నీడ ఎంత అని చూస్తాను. దక్షిణం వైపు చూసే కొండచరియ మీద మంచు పడ్డా రెండు రోజుల్లో ఆరిపోతుంది. ఉత్తరం వైపు మూల మీద పడ్డది వారాల తరబడి అలాగే ఉంటుంది. ఒకే దారిలో పది అడుగులు పొడి ఇసుక, పదకొండో అడుగు గాజు. ఎమరాల్డ్ పూల్స్ దారిలో ఇంకో సంగతి ఉంది. వేసవిలో కొండ అంచు నుంచి మన నెత్తిన నీళ్లు చిలకరిస్తూ పడేచోట, చలికాలంలో ఐస్ కడ్డీలు వేలాడతాయి. ఎండ తగలగానే ఊడిపడతాయి. ప్రమాదంగా ఉంటే ఆ దారి మూసేస్తారు. మూసి ఉంటే తాడు దాటి ఫొటోలకు వెళ్లే జనం కనిపిస్తారు, వాళ్ల వెనక పోకండి.

ఇప్పుడు మీవారి ఏంజెల్స్ ల్యాండింగ్. దీనికి పర్మిట్ కావాలి. 2022 ఏప్రిల్ నుంచి లాటరీ పెట్టారు, చలికాలమైనా అంతే. ముందురోజు కూడా ఆన్‌లైన్‌లో ఒక లాటరీ ఉంటుంది. దారి రానూపోనూ ఐదు మైళ్ల పైన, ఎక్కాల్సింది దాదాపు 1,500 అడుగులు. చివరి అర మైలు సన్నటి కొండ వీపు మీద, రాతికి బిగించిన గొలుసు పట్టుకుని పోవాలి. రెండు పక్కలా పాతాళం. ఆ గొలుసుల దగ్గర మంచు ఉంటే నేను వెళ్లను, నా తమ్ముడైనా వెళ్లనివ్వను. కానీ ఆయన్ని పూర్తిగా ఆపకండి, ట్రిప్పంతా మొహం ముడుచుకుని తిరుగుతారు. గొలుసులు మొదలయ్యే ముందు స్కౌట్ లుకౌట్ అని ఒక చోటు ఉంది. అక్కడిదాకా పర్మిట్ అక్కర్లేదు. అక్కడి నుంచి లోయ చూపు చాలామంది అనుకున్నదానికంటే గొప్పగా ఉంటుంది. దారిలో రిఫ్రిజిరేటర్ క్యానియన్ అనే సందు వస్తుంది. వేసవిలో చల్లగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. డిసెంబర్‌లో నేరుగా ఫ్రీజర్ కింద లెక్క. అది దాటాక కొండకు మడతలు కుట్టినట్టు 21 మలుపులు. స్పైక్స్ లేకుండా ఆ ముక్క ఎక్కొద్దని గట్టిగా చెప్పండి. మీరంతా రివర్‌సైడ్ వాక్‌లో ఉన్న పూట ఆయన ఇది చేసి రావచ్చు. మధ్యాహ్నం రెండున్నరకి గ్రోటో స్టాపులో కలుసుకుందాం అని ముందే మాట్లాడుకోండి. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు.

స్పైక్స్ అన్నాను కదా, అదేంటో చెప్పాలి. వాటి విలువ నాకు కింద పడ్డాక తెలిసింది. వేగాస్‌కి కొత్తగా వచ్చిన ఏడు, ఇలాగే డిసెంబర్‌లో, మామూలు రన్నింగ్ షూతో బ్రైస్‌లో నవాజో లూప్ అనే దారి దిగడం మొదలుపెట్టాను. జనం తొక్కి తొక్కి మంచు అణిగిపోయి, మధ్యాహ్నం కాస్త కరిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టి, దారంతా తడిసిన కడప బండలా ఉంది. మూడో మలుపులో కాళ్లు రెండూ ఒకేసారి పైకి లేచాయి. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నాలుగో మలుపు దాకా జారాను. వెనక ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, టకటకా దిగి వచ్చి నన్ను చూసి, ఏమీ అనకుండా తన బూటు ఎత్తి చూపించింది. అడుగున ముళ్లు. ఆ సాయంత్రమే పార్కు బయట కొట్టులో ఒక జత కొన్నాను, ఇప్పటికీ అవే వాడుతున్నాను. రబ్బరు పట్టీ, దాని కింద సన్నటి గొలుసులు, ఆ గొలుసులకు చిన్న చిన్న ఉక్కు ముళ్లు. బూటు మీదికి లాగి తొడుక్కోవడమే. మైక్రోస్పైక్స్ అని అడగండి. డల్లాస్‌లో ఉండగానే తెప్పించుకుని, ఇంట్లోనే రెండుసార్లు తొడిగి విప్పి చూడండి. చలికి బిగుసుకున్న రబ్బరుని, మొద్దుబారిన వేళ్లతో మొదటిసారి లాగాలంటే ఏడుపొస్తుంది. పొడి రాయి మీద, బస్సులో, హోటల్ గచ్చు మీద వేసుకోకూడదు.

బ్రైస్‌కి 27 అనుకోండి, కానీ రాసి పెట్టుకోకండి. 26, 27, 28 మూడింటిలో ఆకాశం తేటగా ఉన్న రోజు బ్రైస్, మిగతా రెండూ జాయన్. మంచు తుఫాను అంటే మానేయండి. వేగాస్‌లో అద్దెకిచ్చే కార్ల టైర్లు ఆ రోడ్ల కోసం చేసినవి కావు. పొద్దున ఎనిమిదిన్నరకి బయలుదేరితే జాయన్ సొరంగం గుండా తూర్పుకి వెళ్లి, 89వ నంబరు రోడ్డు పట్టుకుని, పదిన్నరకి బ్రైస్ చేరతారు. పార్కుకు కాస్త ముందు రెడ్ క్యానియన్ వస్తుంది. ఎర్రరాయిని తొలిచి రోడ్డు మీద రెండు చిన్న సొరంగాలు చేశారు. బాబుని ముందు సీటు వెనక నుంచి చూడమనండి. తిరుగు ప్రయాణం మూడింటికల్లా మొదలుపెట్టాలి. పొద్దు గుంకాక ఆ రోడ్డు మీదికి జింకలు వస్తాయి, తడి రోడ్డు కంటికి కనపడని ఐస్ అవుతుంది.

బ్రైస్‌లో అందరూ చేయగలిగింది సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అంచు వెంట అర మైలు నడక. దాదాపు చదును. అంచున నిలబడితే కింద వేల కొద్దీ ఎర్రటి, నారింజ రంగు రాతి స్తంభాలు, ఒక్కోదాని నెత్తిన మంచు టోపీ. హూడూలు అంటారు వాటిని. పగలు పగుళ్లలోకి నీళ్లు దిగడం, రాత్రి గడ్డకట్టి ఉబ్బి రాయిని చీల్చడం, ఏడాదిలో సగం రోజులకు దగ్గరగా ఇదే తంతు. ఆ బొమ్మలు చెక్కిన శిల్పి ఆ చలే, మీరు వెళ్లేది అది పని మీద ఉన్న నెలలో. ఇక్కడి పాయూట్ జాతివాళ్లు ఇంకోలా చెప్తారు. వాళ్లంతా ఒకప్పుడు మనుషులేనట, చెడ్డపనులు చేస్తే కొయోటీ, అంటే వాళ్ల కథల్లో వచ్చే నక్కలాంటి జంతువు, రాళ్లుగా మార్చేసిందట. ఈ కథ అత్తగారి చెవిన వేయండి. అక్కడి నుంచి అహల్య దాకా ఆవిడే తీసుకెళ్తారు బాబుని.

మీవారికి, బాబుకి ఇంకా ఓపిక ఉంటే సన్‌రైజ్ పాయింట్ నుంచి క్వీన్స్ గార్డెన్ దిగి రావచ్చు. అక్కడ కిందికి దిగే దారుల్లో ఏటవాలు తక్కువ ఉన్నది అదే. స్పైక్స్ తప్పనిసరి. నవాజో లూప్‌లో వాల్ స్ట్రీట్ అనే సందు చలికాలంలో ఎలాగూ మూసేస్తారు. ఒక్క హెచ్చరిక: దిగడం సుఖం, ఎక్కడం ఎనిమిది వేల అడుగుల ఎత్తులో. డల్లాస్ ఊపిరితిత్తులకు అక్కడి గాలి చాలదు. అత్తగారి విషయానికొస్తే, అంత ఎత్తుకు వెళ్లొచ్చా లేదా అన్నది బీపీ మందులు రాసిన డాక్టర్‌నే ఫోన్ చేసి అడగండి. వద్దంటే ఆ రోజు ఆవిడ, మీరు స్ప్రింగ్‌డేల్‌లో ఉండిపోవచ్చు. అందరూ అన్నీ చూడాలన్న రూలేమీ లేదు.

చీర మానమని నేను చెప్పను, మీరూ చెప్పకండి. పారూస్ ట్రయిల్‌కి చీర హాయిగా సరిపోతుంది. లోపల థర్మల్ ప్యాంటు, కాళ్లకు ఉన్ని సాక్సు, బూట్లు, పైన చలికోటు, నెత్తిన మంకీ క్యాపు. కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకోవాలి, లేకపోతే అంచు మంచులో తడిసి గంట తిరక్కుండా కాళ్లకు చల్లటి తడిగుడ్డ చుట్టినట్టు అవుతుంది. స్పైక్స్ వేసుకునే చోట మాత్రం చీర కుదరదు. ముళ్లు కుచ్చిళ్లలో చిక్కుకుంటే మనిషి బోర్లా పడుతుంది. బ్రైస్ రోజుకి ఒక్క పంజాబీ డ్రెస్ ఒప్పించండి. ఒప్పుకోకపోతే, మంచు తీసేసిన వ్యూపాయింట్ల దగ్గర కారు ఆపి చూపించండి. మిగతా అందరూ ఒంటికి తగిలే బట్ట కాటన్ కాకుండా చూసుకోండి, చెమట ఆరక చలి పెడుతుంది. మామగారికి రెండు ట్రెకింగ్ కర్రలు. మోకాళ్ల బరువు దిగేటప్పుడు తెలుస్తుంది, ఎక్కేటప్పుడు కాదు.

తిండి మీకు నేను చెప్పాలా? రాయలసీమ ఇంట్లో జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి ఉంటే ఇంకేం కావాలి. నాలుగు రోజులు పాడవవు, బ్యాగులో నలగవు. బెల్లం పాకంతో చెనక్కాయ ఉండలు చేసి పెట్టుకోండి, కొట్లో కొనే ఎనర్జీ బార్ల కంటే నూరు రెట్లు నయం. పెరుగన్నం మధ్యాహ్నం చలిలో గొంతు దిగదు, ఫ్లాస్కులో వేడి రసం దిగుతుంది. వంటగది ఉన్న గది అన్నది అందుకే. మామూలు హోటల్ గదిలో తాలింపు పెడితే స్మోక్ అలారం మోగి, అర్ధరాత్రి అందరూ మంకీ క్యాపులతో పార్కింగ్‌లో నిలబడాలి. నీళ్లు మాత్రం మర్చిపోకండి. చలిలో దాహం తెలీదు, కానీ ఆ గాలి పొడి గాలి. ముఖ్యంగా పెద్దవాళ్లు బాత్రూమ్ భయంతో తాగరు. ప్రతి స్టాపులో బాత్రూమ్ ఎక్కడుందో ముందు చూపించి తర్వాత సీసా చేతికివ్వండి.

డబ్బు సంగతి ఒకటి. జాయన్, బ్రైస్ రెండూ నేషనల్ పార్కులే, ఏడాది పాస్ కొంటే రెండింటికీ సరిపోతుంది. కానీ 2026 జనవరి 1 నుంచి లెక్కలు మారాయి. ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకు ఆ పాస్ 80 డాలర్లు, బయటి దేశాల వాళ్లకు 250. పాస్ లేకుండా వచ్చే బయటి దేశాల వాళ్ల దగ్గర 11 పెద్ద పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనంగా తీసుకుంటున్నారు. ఆ 11లో జాయన్, బ్రైస్ రెండూ ఉన్నాయి. అత్తగారు, మామగారు విజిటర్ వీసా మీద ఉన్నారు కాబట్టి, మీ పాస్ వాళ్లకు ఎలా వర్తిస్తుందో కొనేముందే పార్కు సైట్‌లో చదవండి. గేటు దగ్గర క్యూలో నిలబడి తేల్చుకునే విషయం కాదు. వ్యాలీ ఆఫ్ ఫైర్ నెవాడా రాష్ట్రానిది, దానికి టికెట్టు వేరే. వాళ్లిద్దరి విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం కారులోనే పెట్టుకోండి. దగ్గర్లో పెద్ద ఆసుపత్రి అంటే సెయింట్ జార్జ్ ఊళ్లోదే.

29న పొద్దున్నే బయలుదేరితే వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో మూడు గంటలు దొరుకుతాయి. మౌసెస్ ట్యాంక్ అనే దారి రానూపోనూ ముప్పావు మైలు. కాళ్ల కింద మెత్తటి ఎర్ర ఇసుక, రెండు పక్కలా గోడలు, ఆ గోడల మీద ఎప్పుడో పాతకాలం వాళ్లు చెక్కిన గొర్రెలు, మనుషులు, సుడులు. వేలితో తాకొద్దని బాబుకి ముందే చెప్పండి, చేతి జిడ్డు ఆ చెక్కడాలకు మంచిది కాదు. అలాగే ఈ ఎడారుల్లో నేల మీద నల్లగా, పొక్కులు పొక్కులుగా కనిపించే పొర మట్టి కాదు, ప్రాణమున్నది. ఒక్క బూటు అడుగు పడితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. దారి తప్పి ఫొటోలకు పోయేవాళ్లలో మనవాళ్లు తక్కువేమీ కాదు.

ఇక మామగారి గండికోట. ఆయన మాట కొట్టేయకండి, అందులో విషయం ఉంది. జాయన్ గోడల రాయి 18, 19 కోట్ల ఏళ్ల కిందటి ఎడారి ఇసుక దిబ్బ. గాలికి పోగైన ఇసుక గట్టిపడి రాయైంది, అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. గండికోట దగ్గర పెన్నా కోసిన రాయి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. దాని ముందు జాయన్ నిన్నగాక మొన్న పుట్టిన పిల్లాడు. ఆ సంగతి చెబితే ఆయన బయలుదేరడానికి సగం ఒప్పుకున్నట్టే. జాయన్ సొరంగం దాటి తూర్పుకి వెళ్తే చెకర్‌బోర్డ్ మేసా అని ఒక పెద్ద గుట్ట వస్తుంది. దాని ఒంటి మీద అడ్డంగా, నిలువుగా గీతలుంటాయి. అడ్డగీతలు ఆనాటి ఇసుక దిబ్బల పొరలు, ఏ వైపు గాలి వీచిందో కూడా వాటిలో చదవొచ్చు. రోడ్డు పక్కనే బండి ఆపుకునే చోటు ఉంది, ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. అడవి గొర్రెలు కూడా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. బ్రైస్ వెళ్లే రోజు పొద్దున అక్కడ పది నిమిషాలు ఆగి ఆయనకొక ఫొటో తీయండి, మంకీ క్యాపు తీయించి. ప్రొద్దుటూరు గ్రూపులో "మన గండికోట దీనికి తాత" అని ఆయనే పెట్టుకుంటారు.